నవ్వించే పాత ఫ్రెంచ్ పాటలు: కరోకే ట్రాక్ ఏది తీసుకోవాలి?

హాస్యపు పాటకు ట్రాక్ వెతికేటప్పుడు చాలామంది ఒక్కటే చూస్తారు: మ్యూజిక్ ఒరిజినల్‌కి దగ్గరగా ఉందా లేదా అని. మెలోడీ పాటలకు ఆ లెక్క సరిపోతుంది. 1930ల నుంచి 1970ల దాకా ఫ్రాన్స్‌లో జనాన్ని నవ్వించిన పాటలకు మాత్రం సరిపోదు. వాటిలో పాడేవాడి గొంతు తెచ్చే నవ్వు సగమే. మిగతా సగం వెనకనుంచి బదులిచ్చే కోరస్‌లో ఉంటుంది, పాట మధ్యలో వచ్చే మాటల్లో ఉంటుంది, వాయిద్యాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయే అర సెకనులో ఉంటుంది. ఇవి పోయాక ఎంత ఖరీదైన ట్రాకైనా దండగే.

ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్‌గా ఫ్రెంచ్ తీసుకున్నవాళ్లు, హైదరాబాద్ అలియాన్స్ ఫ్రాంసేజ్‌లో క్లాసులకు వెళ్లేవాళ్లు, ఎం.ఎస్. చదవడానికి ఫ్రాన్స్ వెళ్లి జూన్ 21న వీధి వీధినా జరిగే సంగీత పండుగ ఫెత్ ద లా మ్యూజీక్‌లో దొరికిపోయినవాళ్లు... వీళ్లందరినీ ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు ‘ఒక ఫ్రెంచ్ పాట పాడండి’ అంటారు. మనవాళ్లు వెంటనే ఎడిత్ పియాఫ్‌ను పట్టుకుంటారు. ఆ గొంతుతో పోటీ దేనికి చెప్పండి? నవ్వుల పాటల్లో చాలావాటికి పెద్ద గాత్రం అక్కర్లేదు. టైమింగ్ ఉంటే చాలు, ఆ టైమింగ్‌ను చెడగొట్టని ట్రాక్ ఉంటే చాలు.

మార్కీజ్ గారి ఫోన్ కాల్

ముందు ఒక్క పాటను దగ్గరగా చూద్దాం, మిగతావి తేలిగ్గా అర్థమవుతాయి. 1935లో రే వాంత్యురా బృందం రికార్డు చేసిన ‘తు వా త్రె బియాఁ, మదామ్ లా మార్కీజ్’ ఫ్రాన్స్‌లో ఇప్పటికీ చిన్నా పెద్దా అందరికీ తెలిసిన పాట. సంగీతం పోల్ మిస్రాకీది. కథేమిటంటే, పదిహేను రోజులుగా ఇంట్లో లేని ఒక జమీందారిణి (ఆమే మార్కీజ్) ఫోన్ చేసి, అక్కడ విశేషాలేమిటని నౌకరును అడుగుతుంది. ‘అంతా బ్రహ్మాండంగా ఉందమ్మగారూ, ఒక్క చిన్న సంగతి తప్ప, మీ బూడిదరంగు గుర్రం పోయింది’ అంటాడు వాడు. ఎలా పోయిందని ఇంకొకడిని అడిగితే గుర్రపుశాల తగలబడిందంటాడు. అదెలా తగలబడిందంటే కోటే తగలబడిందట. కోట ఎందుకు తగలబడిందయ్యా అంటే, దివాలా తీసిన సంగతి తెలిసి అయ్యగారు ఆత్మహత్య చేసుకున్నారట, ఆ పడటంలో కొవ్వొత్తులు దొర్లాయట. ఇది తప్పిస్తే అంతా బ్రహ్మాండమే!

ఇందులో జమీందారిణిది ఒక గొంతు, నౌకర్లవి తలా ఒక గొంతు. ప్రశ్నలో కంగారు అంతకంతకూ పెరుగుతుంది, జవాబు మాత్రం ప్రతిసారీ అదే తాపీతో మొదలవుతుంది. చివర్లో మొత్తం గొలుసును కొవ్వొత్తుల దగ్గరనుంచి గుర్రం దాకా ఒక్క బిగిన చెప్పేయాలి. ఇప్పుడు దీనికి ట్రాక్ కొనడానికి వెళ్లారనుకోండి. ఒకదానిలో కోరస్ కూడా తీసేసి వాయిద్యాలు మాత్రమే ఉంటాయి. ఇంకోదానిలో నౌకర్ల గొంతులు ఉంచి, జమీందారిణి భాగం ఖాళీగా వదులుతారు, లేదా దానికి తిరగేసి. మూడో రకంలో గొంతులన్నీ విడివిడిగా ఉండి, మీకు కావాల్సినవి మోగించుకోవచ్చు.

ఒక్కరే పాడుతుంటే మొదటి రకం జోలికి పోవద్దు. రెండు పాత్రలూ మీరే వేయాలి, ఊపిరి తీసుకునే చోటు ఉండదు, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో వినేవాళ్లకు తెలియదు. పక్కన నలుగురు స్నేహితులు ఉన్నారా, అప్పుడు ఆ మొదటిదే అన్నిటికన్నా మంచిది. స్టూడియో కోరస్ ఎంత చక్కగా ఉన్నా, మీ పక్కన నిలబడి అమాయకంగా మొహం పెట్టే మనిషికి సాటిరాదు. కాబట్టి ధర, సౌండ్, శృతి ఇవన్నీ తర్వాత. మొదట తేల్చుకోవాల్సింది ఆ పాటలో జవాబు చెప్పేది ఎవరు అన్న సంగతి.

మళ్లీ వాయించిన ట్రాక్‌లు

అమ్మకానికి దొరికే మంచి ట్రాక్‌లలో ఎక్కువ భాగం స్టూడియోలో సెషన్ వాద్యకారులు కొత్తగా వాయించినవే. ఫ్రెంచ్ పాటలకు ఈ రంగంలో ముందుగా వినిపించే పేర్లు వెర్సియోఁ కరోకే, కారాఫన్. రెండూ రెసిజియో అనే ఒకే ఫ్రెంచ్ కంపెనీవి. మొదటిదానిలో పాటను విడిగా కొని దాచుకోవచ్చు. రెండోది చందా కట్టి ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో పాడుకునే యాప్. రెండింటిలోనూ శృతి, వేగం మార్చుకునే వీలుంది.

నవ్వుల పాటకు వెర్సియోఁ కరోకేలో దొరికే మల్టీట్రాక్ రకమే నా ఓటు. డ్రమ్స్, బేస్, గిటార్, ఆర్గన్, కోరస్ ఒక్కోటి విడి గీత మీద ఉంటుంది, అక్కర్లేనిది మ్యూట్ చేసి మిగతాది దించుకోవచ్చు. పైన చెప్పిన కోరస్ సమస్య దీంతో తీరిపోతుంది. కోరస్ ఉన్నదొకటి, లేనిదొకటి రెండూ దించి పెట్టుకుంటే, ఆరోజు స్నేహితులు హ్యాండిచ్చినా మీ పాట ఆగదు.

లోటు లేకపోలేదు. కొత్తగా వాయించినవాళ్లు మరీ శుభ్రంగా వాయిస్తారు. అరవైల పాటల్లో ఆర్గన్ కాస్త గరగరలాడుతుంది, డ్రమ్మర్ ఉత్సాహంలో ఒక వెంట్రుకవాసి ముందుకు తోసుకెళ్తాడు, వెనక ఎవరో నవ్వుతారు. రీమేక్‌లో ఇవన్నీ ఇస్త్రీ అయిపోతాయి. హాస్య గాయకుడు అన్రి సాల్వదోర్ పాటలలో ఇది బాగా తెలుస్తుంది. ఆయన నవ్వే ఒక వాయిద్యం, ట్రాక్‌లో ఆ నవ్వు వచ్చే చోటు ఖాళీగా ఉంటుంది. అక్కడ మీరు నవ్వకపోతే ట్రాక్ ఆగిపోయిందేమో అనుకుంటారు జనం. 

ఒరిజినల్ నుంచి గొంతు తీసేసినవి

ఒరిజినల్ రికార్డు మీదే పాడాలని అందరికీ ఉంటుంది. దీనికి పాత చిట్కా ఒకటుంది. స్టీరియో పాటలో గొంతు సాధారణంగా ఎడమ, కుడి రెండింటిలో సమానంగా ఉంటుంది. ఒకవైపు ధ్వని తరంగాన్ని తలకిందులు చేసి రెండోవైపుకు కలిపితే, రెండింటిలో సమానంగా ఉన్నదల్లా రద్దయిపోతుంది. గొంతు పోతుంది, దానితో పాటు మధ్యలో ఉన్న బేస్, డ్రమ్స్ కూడా చాలావరకు పోతాయి. మన పాత ఫ్రెంచ్ పాటలకు ఆ మాత్రం కూడా దక్కదు. అరవైలలో అవి నాలుగేసి పాటల 45 ఆర్‌పీఎం ఈపీల మీద వచ్చేవి, ఎక్కువ భాగం మోనోలో. మోనోలో రెండు వైపులా ఉన్నది ఒకటే కాబట్టి, ఈ చిట్కా వాడితే మొత్తం పాటే రద్దయి నిశ్శబ్దం మిగులుతుంది. ‘వోకల్ రిమూవర్’ బటన్ నొక్కితే ఏమీ వినిపించడం లేదని గాభరా పడేవాళ్లకు అసలు కారణం ఇదే. తర్వాత వచ్చిన సీడీ మీద స్టీరియో అని ఉన్నా నమ్మలేం, అదే మోనోను రెండు చెవులకూ పంచి ఉండొచ్చు.

ఇప్పుడు ఏఐ వచ్చింది. ఫ్రెంచ్ కంపెనీ డీజర్ 2019లో స్ప్లీటర్‌ను అందరికీ ఉచితంగా వదిలింది. మెటా పరిశోధకుల డెమక్స్ దానికన్నా శుభ్రంగా విడదీస్తుంది. ఇలాంటి మోడల్స్‌ను కంప్యూటర్‌లో వాడుకోవడానికి అల్టిమేట్ వోకల్ రిమూవర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఇవి తరంగాలను రద్దు చేయవు, ఏది గొంతు ఏది వాయిద్యం అన్నది నేర్చుకుని వేరు చేస్తాయి. అందుకే మోనోలోనూ పనిచేస్తాయి. 

అయితే హాస్యపు పాటకు ఇక్కడే తంటా. మనిషి నోటినుంచి వచ్చిందల్లా వీటి లెక్కలో గొంతే. ప్రధాన గాయకుడితో పాటు బదులిచ్చే కోరస్‌నూ, ఈలనూ, నవ్వునూ, కుక్కలా మొరిగినదాన్నీ కట్టకట్టి పక్కన పెట్టేస్తాయి. మార్కీజ్ పాటను ఇలా విడదీస్తే మిగిలేది ఒక మామూలు డాన్స్ ట్యూన్. ప్రధాన గాత్రాన్ని మాత్రమే తీసి కోరస్‌ను ఉంచే కరోకే మోడల్స్ కూడా అదే సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి కానీ, రెండు గొంతులూ ఒకేచోట అతుక్కుని ఉన్న మోనో రికార్డులో అవి తడబడతాయి. 78 ఆర్‌పీఎం కాలపు రికార్డులైతే ‘స’, ‘ష’ ధ్వనుల తోకలు వెనక మిగిలిపోయి, మీరు పాడుతుంటే ఎవరో గుసగుసలాడుతున్నట్టు ఉంటుంది. ట్రంపెట్ లాంటి బ్రాస్ వాయిద్యాలు కూడా అక్కడక్కడా గొంతుతో పాటు కొట్టుకుపోతాయి.

ఇంత చెప్పినా, ఏఐకి ఒక చోట మాత్రం నేను ఓటేస్తాను. మీకు కావాల్సిన పాట ఏ కరోకే కంపెనీ దగ్గరా లేదు, అందులో కోరస్ లేదు, ఒకే మనిషి ఒకే వరుసలో పాడతాడు. అప్పుడు డెమక్స్‌తో విడదీసుకుని ఇంట్లో సాధన చేసుకోండి. రీమేక్‌లో పోయే గరగర దీనిలో పోదు.

మిడి, స్క్రీన్, ఉచితం

కేఏఆర్ ఫైళ్ల గురించి రెండు ముక్కలు. ఇవి మిడి ఫైళ్లే, లోపల సాహిత్యం కూడా ఉంటుంది. వంద కేబీ కూడా ఉండవు. ధ్వని రికార్డింగ్ ఉండదు, ‘ఇక్కడ ఈ స్వరం వాయించు’ అన్న సూచనలే ఉంటాయి. కనుక వేగం సగానికి తగ్గించినా ధ్వని చెడదు, శృతి ఎటు జరిపినా నష్టం లేదు. వినడానికి పాత కీబోర్డు డెమోలా ఉంటాయి. స్టేజి మీద వద్దు గానీ, వేగంగా పాడే పాట నేర్చుకోవడానికి వీటిని మించినవి లేవు. ఒక చికాకు ఏమిటంటే, ఫ్రెంచ్ అక్షరాల మీద ఉండే గుర్తులు ఫైల్ ఎన్‌కోడింగ్ సరిపోక పిచ్చి అక్షరాలుగా కనిపిస్తాయి. సాహిత్యం వేరే కాగితం మీద రాసుకోవడమే దారి.

స్క్రీన్ మీద అక్షరాలు కావాలంటే సీడీజీ లేదా ఎంపీ4. సీడీజీ పాత పద్ధతి: ఎంపీ3 ఒకటి, అదే పేరుతో బొమ్మల ఫైల్ ఒకటి, రెండూ ఒకే ఫోల్డర్‌లో ఉండాలి. ఒకదాని పేరు మార్చి రెండోదాని పేరు మార్చకపోతే స్క్రీన్ మీద ఏమీ రాదు. పదహారు రంగులు, పెద్ద పెద్ద గళ్ల అక్షరాలు, చూడ్డానికి అంత బాగోదు. కానీ అక్షరాలు బొమ్మలుగా నిల్వ ఉంటాయి కాబట్టి ఫ్రెంచ్ గుర్తులు చెక్కుచెదరవు. పాత కరోకే మెషీన్ ఉన్న హాలుకు వెళ్తుంటే ఇది తీసుకెళ్లండి, మామూలు టీవీకైతే ఎంపీ4 చాలు.

మాటల ఆటకు తెర మీద అక్షరాలు ఎంత అవసరమో ఫ్రాన్స్‌లో 1960లోనే తేలిపోయింది. త్రుఫో తీసిన ‘తిరే స్యుర్ ల పియానిస్త్’ సినిమాలో బోబీ లాప్వాంత్ ఒక పాట పాడతాడు. శ్లేషల మీద శ్లేషలు వేస్తూ ఆయన పరిగెత్తే వేగానికి మాటలు ఎవరికీ అందవని, ఫ్రెంచ్ సినిమాలో ఫ్రెంచ్ పాటకే ఫ్రెంచ్ సబ్‌టైటిల్స్ వేశారు. ఫ్రెంచ్‌వాళ్లకే అలా ఉంటే మన సంగతి చెప్పేదేముంది.

యూట్యూబ్‌లో ఉచితంగా దొరికే వాటిలో రెండు జాతులు కలిసిపోయి ఉంటాయి. ఒకటి కరోకే కంపెనీలే పెట్టినవి, వీటిలో తప్పులు తక్కువ. రెండోది ఎవరో ఏఐతో గొంతు తీసి, సాహిత్యం చెవికి తోచినట్టు రాసి పెట్టినవి. ఫ్రెంచ్‌లో పలకని అక్షరాలు ఎన్ని ఉంటాయో తెలుసుగా, ఆ రాతను నమ్ముకుంటే సభలో నవ్వు పాటను చూసి రాదు, మిమ్మల్ని చూసి వస్తుంది.

ఎవరికి ఏ పాట

గొంతు మీద నమ్మకం లేనివాళ్లు జాక్ ద్యూత్రోంక్‌తో మొదలుపెట్టండి. 1966లో వచ్చిన ‘ఎ మ్వా, ఎ మ్వా, ఎ మ్వా’కు మాటలు జాక్ లాంజ్‌మన్ రాశారు. ప్రపంచంలో డెబ్బై కోట్ల మంది చైనావాళ్లున్నారు, ఇంకెన్నో కోట్ల మంది ఎవరెవరో ఉన్నారు, ఆకలితో చచ్చేవాళ్లున్నారు, ఆఖరికి అంగారకవాసులు కూడా ఉన్నారు, మరి నేనో, నేనో, నేనో అంటూ తన తలనొప్పి, తన కుక్క, తన ఇల్లు గురించి చెప్పుకుపోతాడు. నాలుగు స్వరాలు దాటకుండా దాదాపు మాట్లాడినట్టే సాగుతుంది. మొహంలో ఏ భావమూ లేకుండా పాడాలి, అదే కష్టం. ట్రాక్‌లో చూడాల్సింది గిటార్ రిఫ్, అంటే పదే పదే వచ్చే గిటార్ ముక్క. అది మొరటుగా ఉండాలి. రీమేక్‌లో మెత్తగా వాయించి ఉంటే వదిలేయండి, ఈ పాటలో ఆ మొరటుతనం లేకపోతే ఏమీ లేనట్టే. మల్టీట్రాక్ దొరికితే గిటార్ సౌండ్ కాస్త పెంచి దించుకోండి.

నీనో ఫెర్రేర్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఇటలీలో పుట్టిన ఈయనకు అమెరికన్ నల్లజాతి సంగీతమంటే ప్రాణం. ఆ ఆవేశమంతా పెట్టి పాడింది దేని గురించయ్యా అంటే తప్పిపోయిన కుక్క గురించి (‘మిర్జా’), ఎవరూ ఎత్తని ఫోన్ గురించి (‘ల తెలెఫోన్’), పిక్నిక్‌కు మోసుకెళ్లిన తిండి గురించి (‘లె కార్నిషోఁ’). ఆ తేడాలోనే ఉంది నవ్వంతా. కాబట్టి ఇక్కడ ట్రాక్‌కు దమ్ముండాలి, ఆర్గన్, బ్రాస్, డ్రమ్స్ నిజమైనవి ఉండాలి. మిడి పెట్టి ‘మిర్జా’ పాడితే కుక్క కోసం ఏడుస్తున్నవాడిలా ఉంటుంది తప్ప నవ్వు రాదు. ‘లె కార్నిషోఁ’కు ట్యూన్ అమెరికన్ పియానిస్ట్ జేమ్స్ బుకర్ వాయించిన ‘బిగ్ నిక్’ది. ఊరగాయలు, ఆవాల ముద్ద, రొట్టె, వెన్న, ఉడికించిన గుడ్లు అంటూ జాబితా చదువుతూనే ఉంటారు, తీరా అక్కడికి వెళ్లాక వాన మొదలై ఇంటికొచ్చేస్తారు. జాబితా మొత్తం తాళం తప్పకుండా గడగడా చెప్పాలి. తిరుపతి వెంకటకవుల పద్యాలు, సినిమాల్లో పేర్ల దండకాలు అప్పజెప్పిన నోళ్లకు ఇది పెద్ద పని కాదు. ముందు కేఏఆర్ ఫైల్‌తో నిదానంగా నోరు తిప్పుకుని, తర్వాత స్టూడియో ట్రాక్‌కు వెళ్లండి.

ఇలాంటి జాబితా పాటే ఇంకోటి, బోరిస్ వియాఁ 1956 నాటి ‘లా కోంప్లాంత్ ద్యు ప్రోగ్రే’. ఒకప్పుడు ప్రేమను చెప్పాలంటే గుండె ఇస్తే చాలు, ఇప్పుడు ఫ్రిజ్, స్కూటర్, వంటింటి సామాను ఇవ్వాలి అంటూ మొదలుపెట్టి, లోకంలో లేని యంత్రాల పేర్లు కూడా అల్లేస్తాడు. భాష బాగా వచ్చినవాళ్ల మధ్యే ఇది పండుతుంది. భాష రానివాళ్ల ముందు పాడితే మిక్సీ, గ్రైండర్ ప్రకటనలా వినిపిస్తుంది.

భాష రానివాళ్లే ఎక్కువగా ఉన్న సభకు అన్రి సాల్వదోర్ ‘జోర్రో ఎ తారివే’ (1964) సరిగ్గా సరిపోతుంది. అమెరికన్ బృందం కోస్టర్స్ పాడిన ‘అలాంగ్ కేమ్ జోన్స్’కు ఇది ఫ్రెంచ్ రూపం. టీవీలో దుర్మార్గుడు అమ్మాయిని పట్టుకుంటాడు, ఇక చంపేస్తాడు అనగా జోర్రో తాపీగా దిగుతాడు. కథ మాటల్లో సాగుతుంది, పల్లవిలో హీరో పేరు చాలు, జనం రెండోసారికే కలుస్తారు. ఈ ట్రాక్‌లో కోరస్ తప్పకుండా ఉండాలి. ఆయనదే ‘ల త్రవాయ్ సె లా సాంతె’ (1965) ఇంకా తేలిక: పనే ఆరోగ్యం, ఏమీ చేయకపోవడం ఆ ఆరోగ్యాన్ని కాపాడుకోవడం అనే బద్ధకపు వేదాంతం. ఆఫీసు పార్టీలో బాస్‌కు ఫ్రెంచ్ రాకపోతేనే పాడండి. బాస్ గురించే కావాలంటే లె షార్లో బృందం 1971లో పాడిన ‘మెర్సీ పత్రోఁ’ ఉంది. యజమానికి వెటకారంగా దండాలు పెట్టే పాట, ఫ్రాన్స్‌లో సమ్మెల్లో, ఊరేగింపుల్లో పాడుతుంటారు. అందరూ కలిసి పాడేది కాబట్టి కోరస్ లేని ట్రాకే మంచిది, గుంపు మీరే అవుతారు.

పిల్లలున్న సభకు పియేర్ పెరే ‘లె జోలీ కొలోనీ ద వకాన్స్’ (1966). వేసవి శిబిరంలో ఎన్ని అవస్థలు పడుతున్నాడో సంతోషంగా ఇంటికి ఉత్తరం రాసే పిల్లవాడి పాట, హాస్టల్ జీవితం తెలిసిన మనవాళ్లకు అర్థం చెబితే వెంటనే అందుకుంటారు. ఏ ట్రాకైనా ఫర్వాలేదు, శృతి మాత్రం పిల్లలకు సరిపోయేలా పెంచుకోండి. జంటగా పాడాలనుకుంటే గేన్స్‌బూర్ ‘కామిక్ స్ట్రిప్’ (1967). ఆయన పాడుతుంటే ఆడగొంతు కామిక్ పుస్తకాల్లో గుద్దుల శబ్దాలన్నీ అరుస్తుంది. ఆ గొంతు ట్రాక్‌లోనే ఉంటే మీ జతగత్తెకు పని ఉండదు, కొనేముందు చూసుకోండి.

లాప్వాంత్ ‘తా కాతీ తా కితే’ జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లొద్దు. త, క అక్షరాలతో నాలుక మడతపెట్టే పాట అది, ఏ ట్రాకూ మిమ్మల్ని కాపాడలేదు. ప్లాస్తిక్ బెర్త్రాఁ ‘సా ప్లాన్ పూర్ మ్వా’ (1977) కూడా వేగమే, అయితే అర్థంపర్థం లేని మాటలు కావడంతో తప్పు పోయినా ఎవరూ పట్టుకోలేరు. అన్నట్టు ఆ రికార్డు మీద ఉన్న గొంతు ఆయనది కాదు, నిర్మాత లూ డెప్రిక్‌ది అని 2010లో బెల్జియంలో పెద్ద రచ్చే జరిగింది. కరోకేకు ఇంతకన్నా తగిన పాట ఏముంటుంది?

కొనేముందు వినాల్సినవి

శాంపిల్‌లో మొదటి ముప్పై సెకన్లు విని డబ్బులు కట్టేయకండి. మొదలు ఎక్కడుందో చూడండి. అరవైల పాటల్లో చాలావాటికి ఇంట్రో దాదాపు ఉండదు, గొంతుతోనే మొదలవుతాయి. కర్రల చప్పుడుతో లెక్క ఇచ్చే కౌంట్-ఇన్ లేకపోతే మొదటి మాటే ఆలస్యమవుతుంది. ముగింపు ఇంకా ముఖ్యం. అప్పటి రికార్డులు చివర్లో ధ్వని తగ్గించుకుంటూ వెళ్లిపోయేవి. ఇంట్లో బాగానే ఉంటుంది, స్టేజి మీద మాత్రం పాట అయిందో లేదో తెలియక చప్పట్లు కొట్టాలా వద్దా అని జనం మొహమొహాలు చూసుకుంటారు. గట్టిగా ముగిసే ట్రాక్ దొరికితే రెండు రూపాయలు ఎక్కువైనా అదే తీసుకోండి.

మధ్యలో మాటలు వచ్చే చోట వాయిద్యం ఎంతసేపు ఆగుతుందో కూడా ఒరిజినల్‌తో పక్కపక్కన పెట్టి వినండి. కొన్ని రీమేక్‌లలో ఆ ఆగే చోటు కుదించేస్తారు. జోకు చెప్పి నవ్వుకు చోటు ఇవ్వకపోతే ఎలా? ఆడియో ఎడిటర్ వాడటం వచ్చినవాళ్లు ఆడాసిటీలో అక్కడ ఒక బార్ కాపీ చేసి కలుపుకోవచ్చు.

శృతి సంగతికొస్తే, ఈ గాయకుల్లో ఎక్కువమంది మగవాళ్లు, మధ్యస్థాయిలో మాట్లాడినట్టు పాడేవాళ్లు. ఆడవాళ్లు నాలుగైదు సెమీటోన్లు (అర స్వరాలు) పైకి జరుపుకుంటే హాయిగా ఉంటుంది. వేగం మాత్రం పదిశాతం మించి మార్చొద్దు. ఎంపీ3లో అంతకు మించి సాగదీస్తే తాళం దెబ్బలు పాకినట్టు వినిపిస్తాయి. ఇంకో సంగతి చాలామందికి తట్టదు: బ్లూటూత్ మైక్, బ్లూటూత్ స్పీకర్ వాడితే మీ గొంతు కాస్త ఆలస్యంగా బయటికొస్తుంది. ఘంటసాల పాటైతే ఎలాగో సర్దుకుపోవచ్చు. ప్రశ్న, జవాబు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చే పాటలో ఆ చిన్న ఆలస్యానికే జోకు చచ్చిపోతుంది. వైరు మైక్ వాడండి, పాతదైనా సరే.

హక్కుల గొడవ

ట్రాక్ కొన్నారంటే ఇంట్లో, స్నేహితుల మధ్య పాడుకోవడానికి కొన్నారనే అర్థం. దాన్ని మీ గొంతుతో కలిపి యూట్యూబ్‌లో పెడితే ట్రాక్ తయారుచేసినవాళ్లో, పాట హక్కుదారులో క్లెయిమ్ వేయొచ్చు. చాలాసార్లు వీడియో ఉంటుంది, యాడ్ డబ్బులు వాళ్లకు వెళ్తాయి. ఫ్రాన్స్‌లో బహిరంగ కార్యక్రమమైతే అక్కడి హక్కుల సంఘం సాసెమ్‌కు, మన దేశంలో సాహిత్యం, సంగీతం తరఫున ఐపీఆర్‌ఎస్‌కు నిర్వాహకులు రుసుము కట్టాల్సి ఉంటుంది. అది పాడేవాడి నెత్తిమీద పడేది కాదు గానీ, కాలేజీ ఫెస్ట్‌లో నిర్వాహకులు మీరే అయితే ముందే కనుక్కోండి.

పాతవి కదా, హక్కులు ఉండవులే అనే మాట తరచూ వినిపిస్తుంది. సగమే నిజం. మార్కీజ్ పాట 1935 నాటి రికార్డింగ్‌కు యూరప్‌లో గడువు తీరిపోయింది. పాట మీద హక్కు వేరు, అక్కడ అది రచయితలు పోయాక 70 ఏళ్లు నడుస్తుంది. మిస్రాకీ 1998లో పోయారు, లెక్క మీరే వేసుకోండి. కనుక ఆ రికార్డును ఏఐతో విడదీసి ఇంట్లో పాడుకుంటే ఎవరూ అడగరు, అదే ట్రాక్‌ను అమ్మకానికి పెడితే అడుగుతారు.